పాలరాతిలో దిగబడిన వేళ్ళు

రోమ్ నగరంలో చూడవలసినవాటి జాబితా ఎవరు రాసినా అందులో బొర్గేసే గ్యాలరీ ఉంటుంది. బొర్గేసే గ్యాలరీ గురించి ఎవరు రాసినా అందులో ప్లూటో వేళ్ళు ఉంటాయి. జాన్ లొరెంజో బెర్నీని 1621-22లో, ఇంకా పాతికేళ్ళు నిండకముందే చెక్కిన శిల్పం అది. పాతాళానికి రాజైన ప్లూటో, పూలు కోసుకుంటున్న ప్రొసెర్పీనాని ఎత్తుకుపోతున్నాడు. అతని చెయ్యి ఒకటి ఆమె నడుముని బిగించి పట్టుకుంది. ఇంకో చేతి వేళ్ళు తొడలోకి దిగబడ్డాయి. వేళ్ళ చుట్టూ రాయి మెత్తటి కండలా నొక్కుకుపోయి గుంటలు పడింది. చల్లటి పాలరాయికి ప్రాణం పోసిన అద్భుతం అని గైడు పుస్తకాలూ, చెవికి తగిలించుకునే ఆడియో గైడులూ, కళాచరిత్ర పాఠాలూ ఏకకంఠంతో చెప్తాయి. అద్భుతమే. కాదనడం నా ఉద్దేశం కాదు. ఆ అద్భుతానికి రుజువుగా మనకి చూపిస్తున్నది ఏమిటన్న దగ్గరే నా పేచీ. ఒక ఆడపిల్ల ఒంటిమీద, ఆమెకి ఇష్టం లేకుండా పడిన చెయ్యి ఎంత గట్టిగా పడిందో, అదే ఇక్కడ పనితనానికి కొలబద్ద.

ఈ గ్యాలరీకి ముందుగా టికెట్టు తీసుకుని, ఇచ్చిన రెండు గంటల్లో అంతా చూసి బయటికి రావాలి. ఆ తొందరలో చాలామంది ఆ వేళ్ళ దగ్గర కెమెరా పెట్టి, ఫోటో తీసుకుని పక్క గదిలోకి వెళ్ళిపోతుంటారు. కాస్త చుట్టూ తిరిగితే మిగతాది కనిపిస్తుంది. ఆమె అరచెయ్యి అతని మొహాన్ని వెనక్కి నెడుతోంది. ఆ నెట్టుడికి అతని కనుబొమ దగ్గర చర్మం ముడతలు పడింది. ఆమె నోరు తెరుచుకుని ఉంది. చెంప మీద కన్నీటిబొట్టు ఉంది. కింద మూడు తలల కుక్క కాపలా కాస్తోంది. అంటే ఆమె నిరాకరణ బెర్నీనికి కనిపించకపోలేదు. బాగానే కనిపించింది, శ్రద్ధగానే చెక్కాడు. కాని చూసేవాళ్ళ లెక్కలో ఆ కన్నీటిబొట్టు కూడా పనితనం పద్దులోకే వెళ్ళిపోయింది. ఈ కథలో తల్లి ఒకావిడ ఉంది. కూతురి కోసం లోకమంతా గాలించి, భూమ్మీద పంట పండకుండా చేసి, చివరికి దేవతలనే దిగొచ్చేలా చేసిన సెరెస్. ఈ శిల్పంలో కుక్కకి చోటుంది గాని ఆవిడకి లేదు.

శిల్పం పేరు ఇటాలియన్‌లో ‘రాత్తో ది ప్రొసెర్పీనా’. ఇంగ్లీషులో ‘రేప్’ అంటారు. అన్న వెంటనే ఒక వివరణ చేరుస్తారు: లాటిన్ మూలంలో ఆ మాటకి ఎత్తుకుపోవడం అనే అర్థం, ఇప్పటి అర్థంలో తీసుకోవద్దు అని. భాషాపరంగా ఆ వివరణలో తప్పు లేదు. కాని ఎత్తుకుపోయేది ఎందుకని? ఈ వ్యాసం రాయడానికి కూచున్నప్పుడు నాకు మొదట ఎదురైన చిక్కు ఇదే, తెలుగులో ఏమని రాయాలి? ‘అపహరణం’ అంటే సొమ్ము పోయినట్టు ఉంటుంది, పోగొట్టుకున్నవాడి వైపు నుంచి చెప్పే మాట అది. ‘చెరపట్టడం’ నయం. రావణుడు సీతని చెరపట్టాడంటాం. బందీ చెయ్యడం, చెరచడం అనే రెండు భయాలూ ఆ మాటలో ఒకదాని పక్కన ఒకటి వినిపిస్తాయి. నేనైతే ‘ప్రొసెర్పీనా చెర’ అనే రాస్తాను.

ఇక్కడ రుక్మిణి గుర్తుకొస్తుంది. కృష్ణుడు ఆమెని రథం మీద తీసుకుపోయాడు, వెనక రాజులు తరుముతుండగా. శాస్త్రం లెక్కలో అది రాక్షస వివాహం. కాని కబురు పంపింది రుక్మిణి. అందుకే మన ఇళ్ళల్లో ఆడపిల్లల చేత చదివించేది రుక్మిణీ కళ్యాణం. ఆడమనిషి అవునందా కాదందా అన్నదాన్నిబట్టి కథ పేరు మారుతుందని తెలిసిన భాష మనది. ఆ తెలివిడిని అవసరమైన ప్రతిచోటా మనం వాడుకోలేదన్నది వేరే సంగతి.

రోమ్‌కి ఈ రకం కథలు కొత్త కావు. ఆ నగరం పునాదులే వాటిమీద లేచాయి. పొరుగువాళ్ళయిన సబైన్ జాతి స్త్రీలని పండగకి పిలిచిన కుటుంబాల మధ్యనుంచి ఎత్తుకొచ్చి జనాభా పెంచుకున్నారని పురాణం. ఆ దృశ్యాన్ని పియెత్రో ద కొర్తోనా ఉత్సవంలా గీసిన పెద్ద బొమ్మ కాపిటొలైన్ మ్యూజియంలో ఉంది. లుక్రేషియా అనే ఆవిడ మీద జరిగిన బలాత్కారం, ఆమె ఆత్మహత్య, రాజరికం పోయి రిపబ్లిక్ రావడానికి కారణమయ్యాయని ఇంకో కథ. అదే మ్యూజియంలో రాములస్, రెమస్‌లకి పాలిస్తున్న ఆడతోడేలు కంచు విగ్రహం ఉంది. నగరానికి చిహ్నం అదే. తాళం గొలుసుల మీదా, ఫుట్‌బాల్ చొక్కాల మీదా ఆ తోడేలే. ఆ కవల పిల్లల కన్నతల్లి రియా సిల్వియా, అగ్నిదేవత వెస్తాకి అంకితమైన కన్య. మార్స్ దేవుడు బలాత్కరిస్తే గర్భం దాల్చింది. తోడేలుకి దక్కిన గౌరవంలో ఆమెకి వీసమెత్తు దక్కలేదు.

మళ్ళీ బొర్గేసేకి వద్దాం. అక్కడే ఇంకో గదిలో బెర్నీనిదే ‘అపోలో, డాఫ్నే’ ఉంది. 1625లో పూర్తయింది. అపోలో చెయ్యి తగలగానే డాఫ్నే చెట్టుగా మారిపోతోంది. వేళ్ళ కొసల నుంచి ఆకులు పుట్టుకొస్తున్నాయి, తొడల మీదికి బెరడు పాకుతోంది. ఆ శిల్పం పీఠం మీద లాటిన్ పద్యం ఒకటి చెక్కి ఉంది. క్షణికమైన అందం వెంట పరుగెత్తేవాడికి చివరికి దక్కేది ఆకులూ చేదు పళ్ళూ మాత్రమేనని దాని సారాంశం. ఒక కార్డినల్ ఇంట్లో ఇలాంటి నగ్నశిల్పం ఉండడానికి ఓ నీతి తోడు కావాలి గదా. ఆ నీతి ఎవరి నష్టం గురించి? తరిమినవాడి నష్టం గురించి. మనిషిగా ఉండడమే మానేసి చెట్టయిపోయిన పిల్ల సంగతి ఆ పద్యంలో లేదు.

ఆ పద్యం రాసిన మాఫియో బార్బెరీని 1623లో పోప్ ఎనిమిదో అర్బన్ అయ్యాడు. బెర్నీనికి అతి పెద్ద పోషకుడయ్యాడు. 1638లో జరిగిన ఒక ఘటనలో ఆయన పాత్ర తెలుసుకోవాలి. బెర్నీని దగ్గర పనిచేసే ఒక శిల్పి భార్య కొస్తాంత్సా. ఆమెకీ బెర్నీనికీ సంబంధం ఉండేది. ఆమె తన తమ్ముడు లుయీజితో కూడా దగ్గరగా ఉంటోందని తెలిసి బెర్నీని తమ్ముణ్ణి కొట్టి, కత్తి పట్టుకుని తరిమాడు. ఆమె దగ్గరికి మాత్రం నౌకరుని పంపించాడు, చేతికి మంగలికత్తి ఇచ్చి. మొహం మీద గాటు పెట్టించాడు. తరవాత బెర్నీనికి పడింది జరిమానా, దాన్నీ పోప్ మాఫీ చేసేశాడు. మరుసటి ఏడాది బెర్నీని పెళ్ళి చేసుకుని కుటుంబీకుడయ్యాడు. గాటు తిన్న కొస్తాంత్సాని వ్యభిచారం నేరం మీద, దారి తప్పిన ఆడవాళ్ళని దిద్దే మఠంలో పెట్టారు.

దీనికి కొద్దికాలం ముందే బెర్నీని ఆమె ముఖాన్ని పాలరాతిలో చెక్కాడు. విడిపోయిన జుట్టు, కొంచెం తెరుచుకున్న పెదవులు, వదులుగా ఉన్న చొక్కా. ఆ బస్ట్ ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని బర్జెల్లో మ్యూజియంలో ఉంది. బెర్నీని ఎవరి ఆజ్ఞా లేకుండా తన కోసం తాను చేసుకున్న పనుల్లో గొప్పదంటారు. సారా మెక్‌ఫీ 2012లో కొస్తాంత్సా మీద ఒక పుస్తకమే రాసింది. మఠం నుంచి బయటికొచ్చాక భర్తతో కలిసి కళావస్తువుల వ్యాపారం నడిపి, స్థితిమంతురాలిగా బతికి, 1662లో చనిపోయిన స్త్రీ ఆ పుస్తకంలో కనిపిస్తుంది. అంతవరకూ ఆమె ‘బెర్నీని ప్రియురాలు’.

ఆడదాని మొహం మీద గాటు పెట్టడానికి ఇటాలియన్‌లో ప్రత్యేకంగా ఒక మాటే ఉంది, ‘స్‌ఫ్రేజో’. చంపడం దాని ఉద్దేశం కాదు. అద్దంలో చూసుకున్నప్పుడల్లా ఎవడి ఆస్తో గుర్తుకు రావాలి, అదీ ఉద్దేశం. 2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజనీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోసిన సంగతి తెలిసిన మనకి ఈ మాట అర్థం కావడానికి నిఘంటువు అక్కర్లేదు. యాసిడ్ దాడిని విడిగా నేరంగా గుర్తిస్తూ మన శిక్షాస్మృతిలో సెక్షను చేరింది 2013లో. మొహాన్ని వికృతం చెయ్యడాన్ని ప్రత్యేక నేరంగా ఇటలీ చట్టంలో చేర్చింది 2019లో. బెర్నీని కత్తికీ ఆ చట్టానికీ మధ్య 381 ఏళ్ళు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. మనిషి బతుకునీ అతని కళనీ కలిపేయకూడదు, దేనికదే చూడాలి అని. సాహిత్య విమర్శలో ఈ సూత్రాన్ని మనందరం పాఠంగా చదువుకున్నాం, చాలామందిమి పాఠంగా చెప్తున్నాం కూడా. నాకు ఆ సూత్రంతో గొడవ లేదు. దాన్ని ఎవరికి వర్తింపజేస్తున్నారన్నదే ప్రశ్న. రోమ్‌లో రెండు మూడు వీధులు తిరిగితే చాలు, ఆ సూత్రం మగవాళ్ళకి మాత్రమే వర్తిస్తుందని తెలిసిపోతుంది.

చిత్రకారుడు అగొస్తీనో తాస్సి 1611లో, తన సహచరుడు ఒరాత్సియో జెంతిలెస్కి కూతురు ఆర్తెమీసియాని బలాత్కరించాడు. ఆమెకి అప్పటికి పదిహేడేళ్ళు. 1612లో విచారణ జరిగింది. నిజం చెప్తోందో లేదో తేల్చడానికి వేళ్ళకి తాళ్ళు చుట్టి బిగించారు, నిందితుడికి కాదు, ఆమెకి. బొమ్మలు వేసుకునే పిల్ల వేళ్ళకి. తాస్సి దోషి అని తేలింది, రోమ్ నుంచి బహిష్కరణ శిక్ష పడింది. ఆ శిక్ష నిజానికి అమలు కాలేదు. నాలుగేళ్ళు తిరక్కుండా అతను పోప్ నివాసమైన క్విరినాలే భవనంలో రాజసభా మందిరం గోడలకి కుడ్యచిత్రాలు వేస్తున్నాడు. ఇవాళ అది ఇటలీ అధ్యక్షుడి అధికార నివాసం. ముందుగా పేరు రాయించుకుంటే చూడనిస్తారు. దేశదేశాల రాయబారులు పైనుంచి తొంగిచూస్తున్నట్టు వేసిన ఆ గోడల గురించి చెప్పేటప్పుడు తాస్సిని దృశ్యభ్రమలో నిపుణుడని పరిచయం చేస్తారు. అది సరైన పరిచయమే. బలాత్కారం కేసుతో మొదలుపెట్టరు.

ఆర్తెమీసియాని ఎలా పరిచయం చేస్తారు? మొదటి వాక్యంలోనే బలాత్కారం. ‘హోలోఫెర్నిస్ తల నరుకుతున్న జూడిత్’ చిత్రాలు నేపుల్స్‌లోనూ ఫ్లోరెన్స్‌లోనూ ఉన్నాయి. ఆ తల తాస్సిది అన్నట్టుగానే చెప్తారు. ఇందులో స్త్రీవాదుల వాటా కూడా ఉంది. మరుగున పడిన ఆమె పేరుని బయటికి తెచ్చింది స్త్రీవాద విమర్శే, మేరీ గరార్డ్ 1989లో రాసిన పుస్తకం లాంటివి లేకపోతే ఈ ప్రదర్శనలు, ఈ గుర్తింపు ఉండేవి కావు. కాని ఆ పుస్తకాల్లోంచి జనంలోకి వచ్చినది కోర్టు విచారణ ఒక్కటే. ‘సుసన్నా, పెద్దమనుషులు’ అనే బొమ్మ కింద ఆమె వేసిన సంతకం, తేదీ ఉన్నాయి, 1610. స్నానం చేస్తున్న స్త్రీ మీదికి ఒరిగిన ఇద్దరు ముసలివాళ్ళు, చేతులు అడ్డం పెట్టి ఒళ్ళు ముడుచుకున్న ఆమె. తాస్సి చెయ్యి పడకముందే ఆ పిల్ల ఆ చూపు గురించి ఇంత ఎరుకతో వేసింది. ఆ ఎరుకని ఆమెకి తాస్సి ఇవ్వలేదు. 1616లో ఫ్లోరెన్స్ చిత్రకళా అకాడమీలో సభ్యత్వం పొందిన మొదటి స్త్రీ ఆమె. రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్, నేపుల్స్, లండన్, ఇన్నిచోట్ల దాదాపు నలభై ఏళ్ళు కుంచెతో సంపాదించుకుని బతికింది. అందులో ఆ కేసు కొన్ని నెలలు.

మగవాడి పని అతని బతుకుని కప్పేస్తుంది. ఆడమనిషి బతుకు ఆమె పనిని కప్పేస్తుంది. దీనికి రోమ్ దాకా పోనక్కర్లేదు. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ గురించి వీరేశలింగం గారు రాసినప్పుడు ముందు చూసింది ఆమె కులవృత్తిని, తరవాతే పద్యాన్ని. బెంగుళూరు నాగరత్నమ్మ 1910లో ఆ కావ్యాన్ని పరిష్కరించి అచ్చు వేయించి, ఇవే వర్ణనలు మగకవులు చేస్తే ఎందుకు తప్పు కాలేదని అడిగింది. పుస్తకం నిషేధానికి గురైంది. ప్రశ్న ఇంకా అలాగే ఉంది.

శాంతా మరియా దెల్లా విత్తోరియా అనే చర్చిలో బెర్నీని ‘సెయింట్ తెరేసా పరవశం’ ఉంది. 1647-52 మధ్య చేశాడు. మేఘం మీద వెనక్కి వాలిపోయిన సన్యాసిని, కళ్ళు మూతలు పడి, పెదవులు విడి, ఎదురుగా బాణం పట్టుకున్న దేవదూత. దీని గురించి మగ యాత్రికులు మూడు శతాబ్దాలుగా చేస్తున్న కొంటె వ్యాఖ్యలు ఒక సంకలనానికి సరిపోతాయి. నన్ను ఆపింది ఆ విగ్రహం కాదు, దానికి అటూ ఇటూ గోడల్లో చెక్కిన నాటకశాల పెట్టెలు. వాటిలో కోర్నారో కుటుంబపు పెద్దలు కూచుని మాట్లాడుకుంటూ, చర్చించుకుంటూ ఉంటారు. అందరూ మగవాళ్ళే. ఒక స్త్రీ అనుభవం, దానిచుట్టూ మగ ప్రేక్షకులు, మొత్తం ఏర్పాటు రాతిలోనే చేసిపెట్టాడు. మనం వెళ్ళి నిలబడేది ఆ ప్రేక్షకుల వరసలో.

తెరేసా రచయిత్రి. తన జీవితం రాసుకుంది, 1577లో ‘అంతర దుర్గం’ రాసింది. మతవిచారణాధికారుల చూపు తన రాతల మీద ఉందని తెలిసి, ప్రతి వాక్యం ఆచితూచి రాసింది. మఠాలు స్థాపించింది, లెక్కలు చూసింది, బళ్ళమీద దేశమంతా తిరిగింది. 1970లో వాటికన్ ఆమెకి చర్చి ఆచార్య బిరుదు ఇచ్చింది, ఆ బిరుదు పొందిన మొదటి స్త్రీ. ఇవేవీ ఆ విగ్రహంలో పట్టవు. ఫ్రెంచి మనోవిశ్లేషకుడు లకాన్ 1972-73 ఉపన్యాసాల్లో స్త్రీ సుఖానుభూతి గురించి చెప్తూ, రోమ్ వెళ్ళి బెర్నీని విగ్రహం చూడండి, అర్థమైపోతుంది అన్నాడు. ఆ ఉపన్యాసాలు అచ్చయినప్పుడు అట్టమీద ఆ విగ్రహమే. లూస్ ఇరిగరే దానికి సూటిగా జవాబిచ్చింది: రోమ్ ఎందుకు, అంత దూరం పోయి మగవాడు చెక్కిన బొమ్మని చూడడం దేనికి, ఆవిడ రాసిన పుస్తకాలు ఉన్నాయి కదా అని. స్త్రీవాద విమర్శలో నాకిష్టమైన జవాబుల్లో అదొకటి. పర్యాటకానికి కూడా పనికొచ్చే జవాబు.

బార్బెరీని భవనం ఇప్పుడు జాతీయ చిత్రశాల. అందులో ఒక చిన్న బొమ్మ ఉంది. తలకి తెల్లటి గుడ్డ చుట్టుకున్న అమ్మాయి భుజం మీదుగా వెనక్కి తిరిగి చూస్తుంటుంది. చాలాకాలం ఇది గీదో రేని వేసిన బెయాత్రీచే చెంచి బొమ్మ అన్నారు. బెయాత్రీచే తండ్రి ఫ్రాంచెస్కో చెంచి క్రూరుడైన ధనవంతుడు, కూతుర్ని కోటలో బంధించి హింసించినవాడు. 1598లో ఆమె, సవతితల్లి, అన్నదమ్ములు కలిసి అతన్ని చంపించారు. తండ్రి ఆమె మీద అత్యాచారానికి ఒడిగట్టాడని ఆమె తరఫు న్యాయవాది వాదించాడు. పోప్ క్షమించలేదు. 1599 సెప్టెంబరు 11న శాంతాంజెలో కోట ఎదుట, వంతెన దగ్గర, ఇరవై రెండేళ్ళ బెయాత్రీచే తల నరికారు. కుటుంబం ఆస్తి జప్తు అయింది.

పందొమ్మిదో శతాబ్దంలో రోమ్ వచ్చిన రచయితలందరికీ ఆ బొమ్మ దర్శనం తప్పనిసరి మొక్కు. షెల్లీ ఆ ప్రేరణతో 1819లో నాటకం రాశాడు. డికెన్స్ యాత్రాకథనంలో ఆ కళ్ళ గురించి రాశాడు. హాథార్న్ నవలలో ఒక పాత్ర ఆ బొమ్మకి నకలు తీస్తుంది. ఉరికంబం ఎక్కబోతూ వెనక్కి చూసిన చూపు అని అందరూ కరిగిపోయారు. తీరా చూస్తే బెయాత్రీచే చనిపోయేనాటికి గీదో రేని రోమ్‌లో ఉన్నట్టే ఆధారం లేదు. ఆ తలగుడ్డనిబట్టి అది సిబిల్ అనే ప్రవక్త్రి బొమ్మ కావచ్చునంటున్నారు. వేసింది బోలోన్యాకి చెందిన జినెవ్రా కంతోఫోలి అనే చిత్రకారిణి అని కొందరు పండితులు వాదిస్తున్నారు. అదే నిజమైతే ఎంత విచిత్రం! ఒక స్త్రీ, భవిష్యత్తు చెప్పే ఇంకో స్త్రీని చిత్రిస్తే, మగరచయితలు తరాలపాటు దానిముందు నిలబడి ఒక మగవాడు వేసిన అందమైన బాధితురాలిని చూశారు. బెయాత్రీచే కోసం కార్చిన కన్నీళ్ళు అబద్ధమని నేననను. ఆమె మొహం అందంగా ఉండాల్సిన అవసరం వాళ్ళకెందుకు వచ్చిందన్నదే ఆలోచించాల్సింది. 1999లో, నాలుగు వందల ఏళ్ళకి, రోమ్ నగరపాలక సంస్థ ఆమె ఉన్న జైలు స్థలంలో ఒక ఫలకం పెట్టింది. అన్యాయమైన న్యాయానికి బలైందని అందులో ఒప్పుకుంది.

ఇప్పటిదాకా చెప్పినవి గైడు పుస్తకాల్లో ఉన్నచోట్లే. కళ్ళెదుటే ఉండి కనపడనిది చూడాలంటే శాన్ లుయీజి దెయ్ ఫ్రంచేసి చర్చికి వెళ్ళాలి. నవోనా చౌకు దగ్గర, ప్రవేశం ఉచితం. అక్కడికి అందరూ కరవాజ్జో కోసం వస్తారు. ఎడమవైపు ఐదో చాపెల్‌లో సెయింట్ మాథ్యూ చిత్రాలు మూడున్నాయి. పెట్టెలో నాణెం వేస్తే దీపాలు వెలుగుతాయి, ఆరిపోగానే జనం జేబులు తడుముకుంటారు, ఇంకెవరో నాణెం వేస్తారు. ఆ ఐదో చాపెల్‌కి పోయే దారిలోనే మూడోది ఉంది. సెయింట్ లూయీ చాపెల్. దాని తోరణం దగ్గర నాటకం తెర లాగిపెట్టినట్టుగా పెద్ద తెర వేలాడుతుంది, బంగారు లిల్లీ పూలున్న తెర. గుడ్డ కాదు, గచ్చుతో చేసినది. ఆ తెర, ఆ చాపెల్ కట్టడం, లోపల పీఠం మీది తైలవర్ణ చిత్రం మొత్తం ప్లౌతిల్లా బ్రిచ్చి పని. 1680లో తెరిచారు. మూడింటినీ ఒకే స్త్రీ రూపకల్పన చేసిన ఇలాంటి చోటు ఆ కాలపు యూరప్‌లో మరొకటి చూపించడం కష్టం. నేనున్న గంటసేపట్లో ఆ కమ్ముల ముందు ఆగినవాళ్ళు ముగ్గురు. అందులో ఇద్దరు ఫోనులో ఐదో చాపెల్ ఎక్కడో వెతుక్కుంటున్నారు.

ప్లౌతిల్లా 1616లో పుట్టింది. తండ్రి చిత్రకారుడు, నాటకాలు రాసేవాడు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. మఠంలో చేరలేదు. ఆ రోజుల్లో ఆడవాళ్ళకి ఉన్న ఆ రెండు దారులూ వదిలేసి బతకడమే ఒక కట్టడం. ఎల్పిదియో బెనెదెత్తి అనే అబె, ఫ్రాన్స్ మంత్రి మజారిన్‌కి రోమ్‌లో ప్రతినిధి, ఆమెని నమ్మి జనికోలో కొండ మీద తన విడిది భవనం కట్టే పని అప్పగించాడు. 1663 నాటి ఒప్పందపత్రంలో ఆమెని ఏమని రాయాలో తోచక, ‘ఆర్కితెత్తో’ అనే పుంలింగ పదానికి స్త్రీ ప్రత్యయం తగిలించి ‘ఆర్కితెత్రీచె’ అని రాశారు. మనలో కొందరికి ‘కవయిత్రి’ అంటే కోపం, కవి చాలు, ఆ తోక ఎందుకని. నేనూ ఆ పక్షమే. కాని ఈ పత్రం గురించి చదివాక ఒక్కోసారి ఆ తోకే సాక్ష్యం అవుతుందనిపించింది. పుంలింగంలో రాసి ఉంటే ఆ పని తమ్ముడి ఖాతాలో పడిపోయేది. నిజానికి పడింది కూడా. 1677లో ఆ భవనాన్ని వర్ణిస్తూ అచ్చయిన పుస్తకంలో ఘనత ఆమె తమ్ముడు బజీలియోకి ఇచ్చి, ఆమెని సాయం చేసిన మనిషిని చేశారు. పనివాళ్ళతో ఒప్పందంలో ఆమె, ప్రపంచానికి చూపించే పుస్తకంలో తమ్ముడు. మన ఇళ్ళల్లో పొలం పని, పట్టాదారు పేరు ఇలాగే ఉంటాయి.

మెలానియా మత్సుక్కో 2019లో ఆమె మీద ‘లార్కితెత్రీచె’ అని పెద్ద నవల రాసింది. 2021-22లో కోర్సీని గ్యాలరీలో ఆమె పనులతో ప్రదర్శన పెట్టారు. ఇటలీలో ఈ పనిని నవలా రచయిత్రులు చేపట్టడం ఇది మొదటిసారి కాదు. ఆర్తెమీసియా మీద అన్నా బంతి నవల వచ్చింది 1947లో. మొదటి రాతప్రతి 1944లో యుద్ధంలో నాశనమైతే మళ్ళీ మొదటినుంచి రాసింది.

ఆ విడిది భవనం చూద్దామని నేను జనికోలో కొండెక్కాను. కింద శాన్ పియెత్రో ఇన్ మొంతోరియో చర్చి ఉంది. అక్కడ బ్రమాంతె కట్టిన చిన్న గుండ్రటి గుడి చూడ్డానికి వస్తారు. బెయాత్రీచేని ఆ చర్చిలోనే పూడ్చారు, పేరు రాసిన పలక లేదు. ఇంకా పైకెళ్తే గారిబాల్డి సైనికుల రాతి తలలు చెట్లకింద వరసగా పదుల కొద్దీ. వాటిని దాటితే అనీతా గారిబాల్డి. 1932లో మారియో రుతెల్లి చేసిన కంచు విగ్రహం. 1901లో రిపబ్లిక్ చౌకు ఫౌంటెన్‌లో నగ్న జలకన్యలని పెట్టి రోమ్‌లో గగ్గోలు రేపిన శిల్పి ఇతనే. గుర్రం ముందుకాళ్ళు ఎత్తింది. అనీతా కుడిచేతిలో పిస్తోలు, ఎడమచేతిలో పసిబిడ్డ. ముసోలినీ ప్రభుత్వం ఎక్కువమంది పిల్లల్ని కనమని ఆడవాళ్ళని ఊదరగొడుతున్న రోజులవి. పిస్తోలు ఒక్కటే అయితే అనుమతి వచ్చేదా అని సందేహం. బిడ్డని పట్టుకుని ఆ పగ్గాలు ఎలా పట్టుకుందో కూడా సందేహమే.

అనీతా చనిపోయింది 1849లో, రోమన్ రిపబ్లిక్ కూలిపోయాక పారిపోతూ, గర్భంతో. ఆ రిపబ్లిక్ మీద ఫ్రెంచి సైన్యం ఫిరంగులు పేల్చింది ఈ కొండమీదికే. దెబ్బతిన్నవాళ్ళని కింద తీబర్ నది లంకలోని ఆసుపత్రికి మోసుకెళ్తే, దాన్ని నడిపింది మార్గరెట్ ఫుల్లర్ అనే అమెరికన్ రచయిత్రి. ఆ ఫిరంగుల కిందే ప్లౌతిల్లా కట్టిన భవనం నేలమట్టమైంది. ఓడ ఆకారంలో ఉండేదని దానికి ‘ఇల్ వషెల్లో’ అని పేరు. కట్టించినవాడు ఫ్రాన్స్ మనిషి, కూల్చిందీ ఫ్రాన్సే.

పంక్రాజియో ద్వారం దాటి కొద్దిదూరం నడిస్తే ఆ పేరుతోనే ఒక ప్రాంగణం ఇప్పటికీ ఉంది. పాత కట్టడంలో మిగిలింది కొంచెమే. అక్కడున్న భవనం ఇటలీలోకెల్లా పెద్ద ఫ్రీమేసన్ల సంఘానికి కేంద్ర కార్యాలయం. వాస్తుశిల్పుల పనిముట్లయిన మూలమట్టాన్నీ వృత్తలేఖినినీ చిహ్నాలుగా పెట్టుకున్న సంఘం. అందులో స్త్రీలకి సభ్యత్వం లేదు.